పుస్తకపరీక్షయు వేసవి పాఠశాలలును

గ్రంథమునందలి విషయమును జదువుట యొక విద్య. ఆ గ్రంథమునే యొక వస్తువుగాఁ జేతఁ బట్టి, అది యెట్లు పుట్టినదో, ఎవరి చేతులు మాఱినదో, ఎచ్చట నేమి కోలుపోయినదో పరీక్షించుట వేఱొక విద్య. మొదటిది యాంధ్రపండితులకుఁ దరతరములుగా సంక్రమించినది. రెండవది పాశ్చాత్యదేశములందు ఇరువదవ శతాబ్దమున శాస్త్రరూపమును దాల్చి పుస్తకచరిత్ర యనియు, గ్రంథవర్ణనశాస్త్రమనియు వ్యవహరింపఁబడుచున్నది. కంప్యూటరు సాధనముగా వాఙ్మయమును బరిశోధించు డిజిటల్ మానవీయశాస్త్రము దీనికిఁ జెలికత్తె వంటిది. ఈ రెండు విద్యలను నేర్పుటకుఁ గొన్ని విశ్వవిద్యాలయములు వేసవికాలమున స్వల్పకాలిక వర్గములను నడపుచు వచ్చినవి. వీనియందు నేర్పఁబడునది యేమి, తెలుఁగు గ్రంథములఁ బరిష్కరించువారికి దానివలనఁ గలుగు ప్రయోజన మెట్టిది యనునది యిట విచారింపఁబడుచున్నది.

వేసవి పాఠశాలల పుట్టుక

1983వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమునఁ టెర్రీ బెలాంజర్ అను నాచార్యుఁడు 'రేర్ బుక్ స్కూల్' అను పేర నొక పాఠశాలను స్థాపించెను. దుర్లభగ్రంథపాఠశాల యని దాని కర్థము. కొలంబియాయందలి గ్రంథాలయశాస్త్రకళాశాల 1992లో మూయఁబడఁగా, బెలాంజర్ తన పాఠశాలను వర్జీనియా విశ్వవిద్యాలయమునకుఁ దరలించి షార్లట్స్‌విల్ నగరమున నెలకొల్పెను. ఇచటి వర్గ మొక్కొక్కటి సాధారణముగా నైదు దినములు జరుగును. ఒక్కొక్క వర్గమున సుమారు పండ్రెండుగురు మాత్రమే యుందురు. ఆచార్యులు, గ్రంథాలయాధికారులు, పాతపుస్తకముల వర్తకులు, గ్రంథసంగ్రహాభిలాషులు నొకే బల్లచుట్టుఁ గూర్చుందురు. చదివి రావలసిన గ్రంథముల పట్టిక ముందుగనే పంపఁబడును. కావునఁ బాఠసమయము గ్రంథములఁ జేతఁ బట్టి చూచుటకే మిగులును. అట్టలూడినవి, పత్రములు జాఱినవి, వర్తకమునకుఁ బనికిరానివియునగు పుస్తకములు కూడ నిచట బోధనసామగ్రిగాఁ జేర్పఁబడినవి. చిరిగిన పుస్తకము తన కట్టుబడిని దానే బయలుపఱచును గదా.

ఇట్టి పాఠశాలకు వర్జీనియా తగిన నెలవగుటకుఁ గారణము కలదు. 1949లో గ్రంథవర్ణనసూత్రములను గూర్చి బృహద్గ్రంథమును వెలువరించిన ఫ్రెడ్సన్ బవర్స్ ఆ విశ్వవిద్యాలయమందే యాచార్యుఁడుగా నుండెను. అంతకుమున్ను 1927లో ఇంగ్లండున మెకరో పండితుఁడు సాహిత్యవిద్యార్థులకొఱకు గ్రంథవర్ణనశాస్త్రప్రవేశిక నొకదానిని రచించియుండెను. ఈ పండితుల సిద్ధాంతము సులభమైనది: గ్రంథపాఠమును నిర్ణయింపఁబూనువాఁడు ఆ పాఠమును మోసికొనివచ్చిన కాగితమును, అక్షరములను, కుట్టును నెఱుఁగక నిర్ణయింపఁజాలఁడు.

ఈ మార్గమున మఱికొన్ని వర్గములును వెలసినవి. లండను విశ్వవిద్యాలయమున 2007లో నిట్టి దుర్లభగ్రంథపాఠశాల యేర్పడెను. కెనడాదేశపు విక్టోరియా విశ్వవిద్యాలయమున 2001 మొదలుకొని పెక్కువత్సరములు డిజిటల్ మానవీయశాస్త్రమునకు వేసవి శిక్షణము జరిగెను. జర్మనీయందలి లైప్‌ట్సిగ్ నగరమున 2009లో నీ శాస్త్రమునకే యైరోపా దేశముల విద్యార్థుల నుద్దేశించి యొక వేసవి విద్యాలయ మారంభింపఁబడెను.

కాగితము చెప్పు సాక్ష్యము

ఈ వర్గములందు మొట్టమొదట నేర్పఁబడు విషయము కాగితపు మడత. చేతితోఁ జేసిన పూర్వపుఁ గాగితమును వెలుతురున కెదురుగాఁ బట్టినచో రెండు తెఱఁగుల గీతలు గానవచ్చును. మిక్కిలి దగ్గఱగా నుండు సన్నగీతలు కొన్ని. వానికి లంబముగా దూరదూరముగా నుండు గొలుసుగీతలు కొన్ని. వీనితోఁ గూడ కాగితమును జేసినవాని నీటిగుర్తును గనఁబడును. ఠావు నొకమాఱు మడిచిన రెండు పత్రములగును. దానిని ఫోలియో యందురు. రెండు మాఱులు మడిచిన నాలుగు పత్రముల క్వార్టో; మూఁడు మాఱులు మడిచిన నెనిమిది పత్రముల ఆక్టేవో. ఫోలియోయందు గొలుసుగీతలు నిలువుగా నుండును. క్వార్టోయం దడ్డముగా నుండును. ఆక్టేవోయందు మరల నిలువగును. నీటిగుర్తు ఫోలియోయందుఁ బత్రమధ్యమునను, క్వార్టోయందుఁ గుట్టుకడ మడతలోను, ఆక్టేవోయందు మడతకడఁ బైయంచునను నుండును.

ఇది వట్టి కుతూహలమునకై నేర్పునది కాదు. క్వార్టోగా మడువఁబడిన పుస్తకమున నొక్క పత్రమందు మాత్రము గొలుసుగీతలు నిలువుగా నున్నచో, ఆ పత్రము ఆ మడతలోనిది కాదని తేలును. దోషదుష్టమైన పత్రమును దీసివేసి ముద్రాపకుఁడే క్రొత్తదాని నంటించెనా, పోయిన పత్రమునకు బదులుగా వేఱొక ప్రతినుండి యెవరైనఁ దెచ్చి చేర్చిరా, యను ప్రశ్న యప్పుడు పుట్టును. ఆ ప్రశ్నకు నుత్తరము దొరకువఱకు నాపుటయందలి పాఠము సంశయాస్పదమే.

ముద్రితగ్రంథమునకుఁ బాఠభేదములు లేవను నమ్మకమును గూడ నీ శిక్షణము తొలఁగించును. దీనికిఁ బ్రసిద్ధోదాహరణము 1623లో లండనున వెలువడిన షేక్స్‌పియరు నాటకసంపుటము. అందు 36 నాటకములు గలవు. అచ్చు జరుగుచుండఁగనే తప్పులను గనిపెట్టి సీసపుటక్షరములను మార్చుట యానాఁటి యాచారము. కాని దిద్దుటకు ముందు అచ్చుపడిన కాగితములను బాఱవేయక వానినిఁ గూడఁ గలిపి కుట్టుచుండిరి. అందువలన నొకే కూర్పునకుఁ జెందిన రెండు ప్రతులు అక్షరాక్షరము సమానము లగుననుటకు వీలులేదు. వాషింగ్టను నగరమందలి ఫోల్జర్ గ్రంథాలయమున నీ సంపుటపుఁ బ్రతులు 82 గలవు. బవర్స్ శిష్యుఁడగు చార్ల్‌టన్ హిన్మన్ అద్దములును దీపములును గల యొక యంత్రమును నిర్మించి, రెండు ప్రతులలోని యొకే పుటను ఒకదానిమీఁద నొకటి పడినట్లు కనఁబడఁజేసెను. భేదమున్నచోట నక్షరము కదలినట్లు తోఁచును. ఇట్లు 50కి మించిన ప్రతులను బోల్చి, ఏ పుట యెప్పుడు కూర్పఁబడినదో, ఎట్లు దిద్దఁబడినదో తేల్చి, 1963లో రెండు సంపుటములుగాఁ బ్రకటించెను.

తాళపత్రప్రతులను బోల్చుటయం దాంధ్రులు క్రొత్తవారు కారు. కడపయందుఁ జార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను జీతములిచ్చి నియమించి, ప్రతులను దెప్పించి, పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి లోకవిదితము. పూనా నగరమున భండార్కరు సంస్థవారు 1919లోఁ బూని 1966లో ముగించిన మహాభారతసంశోధనమునందుఁ దెలుఁగులిపి ప్రతులును సాక్షులుగాఁ గైకొనఁబడినవి. కాని తాళపత్రమునకుఁ జూపిన యీ జాగరూకత అచ్చుపుస్తకమునకుఁ జూపుట యరుదు. చేతియచ్చుపై వెలువడిన తెలుఁగు గ్రంథమున కొక్క ప్రతినే చూచి 'ముద్రితపాఠ మిది' యని వ్రాయుట పీఠికలలో సామాన్యము. చేతితోఁ గూర్చి చేతితో నచ్చొత్తినచోటనెల్ల 1623నాఁటి లండనున జరిగినదియే జరుగుట కవకాశము గలదు.

తెలుఁగు పుస్తకమునకు నన్వయము

కాగితపు మడత, నీటిగుర్తు మొదలగునవి పరదేశవిషయములని త్రోసివేయుట తగదు. బెంజమిన్ షుల్జ్ 1746, 1747 సంవత్సరములలోఁ దెలుఁగు పుస్తకములను జర్మనీయందలి హాలే నగరమున నచ్చొత్తించెను. అవి యైరోపాదేశపు ముద్రాపకుల యాచారము ననుసరించి పుట్టిన గ్రంథములు. తెలుఁగుముద్రణపుఁ దొలిప్రకరణము నట్టి గ్రంథములనుండియే వ్రాయవలసియున్నది. అది వ్రాయఁబూనువాఁడు హాలేనగరపుఁ గాగితము నెఱుఁగక యెట్లు వ్రాయఁగలఁడు?

పట్టికలు చేయువిధమును గూడ నీ వర్గములందు నేర్పుదురు. దాని విలువ కొక తెలుఁగు నిదర్శనము చాలును. 1816లోఁ జెన్నపట్టణపుఁ గళాశాలాముద్రాక్షరశాలయందుఁ గాంబెల్ దొర రచించిన తెలుఁగువ్యాకరణము ముద్రింపఁబడెను. దక్షిణదేశభాషలు సంస్కృతజన్యములు గాక వేఱొక కుటుంబమునకుఁ జెందినవని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించిన వ్యాస మా గ్రంథపు నుపోద్ఘాతమునకుఁ జేర్చిన టిప్పణముగా వెలువడినది. కాల్డ్వెల్ ద్రావిడభాషావ్యాకరణము 1856 నాఁటిది. ఎల్లిస్ దానికి నలువదియేండ్లు ముందువాఁడు. 'కాంబెల్, తెలుఁగువ్యాకరణము, 1816' అని మాత్రము వ్రాసికొనిన పట్టికలో నెల్లిస్ పేరు కనఁబడదు. ముఖపత్రమును మాత్రము చూచి పట్టిక వ్రాయువాఁడు భాషాశాస్త్రచరిత్రలోని యొక ముఖ్యఘట్టమును దెలియకయే మఱుఁగుపఱచును.

1867వ సంవత్సరపుఁ బుస్తకముల రిజిస్ట్రీచట్టము ననుసరించి రాజధానులయందుఁ ద్రైమాసికపట్టికలు ప్రకటింపఁబడుచుండెను. గ్రంథనామము, భాష, కర్త, విషయము, ముద్రణస్థానము, ముద్రాపకుఁడు, పుటలసంఖ్య, పరిమాణము, ఎన్నవకూర్పు, ఎన్ని ప్రతులు, వెల యెంత, యనునవి యందు వ్రాయవలయునని చట్టమే విధించెను. ఏ శతక మెన్ని ప్రతులు ముద్రితమైనదో, ఏ యూర నే ముద్రాక్షరశాల యే గ్రంథములఁ బ్రచురించెనో, వెలలెట్లు మాఱెనో యీ పట్టికలు చెప్పఁగలవు. కాని వేలకొలఁది పంక్తులను గన్నులతోఁ జదివి లెక్కించుట దుస్సాధ్యము. వానిని గంప్యూటరునకుఁ దగిన కోష్ఠకములుగా వ్రాసినచో నాఁటి పఠితల యభిరుచి యంకెలలోఁ గానవచ్చును. పుస్తకచరిత్రయు డిజిటల్ శాస్త్రమును జేతులు కలుపుచోటు లిట్టివే.

యంత్రమను లేఖకుఁడు

కంప్యూటరును వాఙ్మయసేవకు వినియోగించుట నిన్నమొన్నటి మాట కాదు. ఇటలీదేశపు మతాచార్యుఁడు రొబెర్తో బూసా 1949లో ఐ.బి.యం. సంస్థవారి సాయమును సంపాదించి, తోమా అక్వినాసు రచనలకుఁ బదసూచిని యంత్రముచేఁ గూర్పింప నారంభించెను. సుమారు కోటిపదిలక్షల పదముల యా సూచి 56 సంపుటములుగా 1980 నాఁటికి ముద్రణము ముగించుకొనెను. 1987లో నమెరికాయందలి వాసర్ కళాశాలయందుఁ బండితులు సమావేశమై, గ్రంథపాఠములను గంప్యూటరునం దెట్లు వ్రాయవలయునో నియమములు చేయఁబూనిరి. 'టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్' అను నీ నియమావళి 1994లో సమగ్రరూపమును బొందెను. 2007లో నైదవ రూపము వెలువడెను. వేసవివర్గములం దధికముగా బోధింపఁబడు విషయములలో నిది యొకటి.

ఈ నియమావళి పాఠపరిష్కర్తకు నచ్చునట్టిది. ముద్రాపకుఁ డచ్చొత్తిన తప్పురూపమును, పరిష్కర్త యూహించిన యొప్పురూపమును రెండింటిని జంటగా వ్రాసి, ఏది యెవరిదో తెలుపవచ్చును. పాఠాంతరముల నొక్కొక్క ప్రతి పేరుతో గుర్తింపవచ్చును. శిథిలమైన యక్షరములకు శిథిలమను గుర్తు నుంచవచ్చును. చదువరి కోరినచో మూలపాఠమును, కోరినచోఁ బరిష్కృతపాఠమును జూడవచ్చును. సంస్కర్త దిద్దిన తోడనే మూలము మాయమగు దోష మిందు లేదు.

భారతభాషలలో నిట్టి ప్రయత్నము ఫలించిన నిదర్శనము గలదు. కలకత్తాయందలి జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమువారు 'విచిత్ర' యను పేర రవీంద్రనాథఠాకూరు రచనల వ్రాఁతప్రతులను, ముద్రితరూపములను లక్షకుఁ బైఁగాఁ బుటలను జేర్చి 2013లో లోకమున కర్పించిరి. ఒకే రచనయొక్క భిన్నరూపములను బోల్చి చూపు సాధనమును దానికిఁ దామే నిర్మించికొనిరి. వంగభాషకుఁ జేయఁగలిగినది తెలుఁగునకుఁ జేయరానిది కాదు.

అయితే యంత్రమును నొక లేఖకుఁడే. లేఖకప్రమాదములు దానికిని గలవు. తెలుఁగులిపికి 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పునందే స్థానము దొరకెను. అరసున్నకును, శకటరేఫమునకును గూడ సంకేతములు గలవు. అట్లయ్యు ఛాయాచిత్రమునుండి యక్షరములను గుర్తించు యంత్రము పాతయచ్చులోని యరసున్నను నిండుసున్నగాఁ జదువవచ్చును, లేదా విడిచివేయవచ్చును. 'చేయఁగా' యనునది గురువు, లఘువు, గురువు గల రగణము. దానిని 'చేయంగా' యని యంత్రము వ్రాసినచో మూఁడును గురువులై మగణమగును, పద్యము చెడును. 'చేయంగా' యనునదియుఁ గావ్యములందు సాధురూపమే కావున, పదమును మాత్రము చూచువాఁ డీ తప్పును బట్టఁజాలఁడు. ఛందస్సు నెఱిఁగినవాఁడే పట్టఁగలఁడు. అరసున్న పోయినచో సంవత్సరవాచియగు 'ఏఁడు', సంఖ్యావాచియగు 'ఏడు' నొక్కటియగును. శకటరేఫము సాధురేఫమైనచోఁ గృశించుట యను నర్థముగల 'అఱుగు', పోవుట యను నర్థముగల 'అరుగు'లో లీనమగును. పిమ్మట నట్టి పాఠమునుండి యెన్ని పదసూచులు చేసినను, ఎన్ని లెక్కలు గట్టినను, అవి లేఖకుని తప్పుల లెక్కలే.

కావున నీ కార్యమున వ్యాకరణచ్ఛందోవేత్తలగు పండితులు లేక యంత్రజ్ఞులు ముందునకుఁ బోఁజాలరు. యంత్రపరిభాష తెలియక పండితులును దమ విద్యను వినియోగింపఁజాలరు. ఇరువురును నొకచోటఁ గూర్చుండి యొకరి భాష నొకరు నేర్చుకొనుటకు వేసవివర్గము తగిన సాధనము.

చిత్రమునఁ బడని విషయములు

గ్రంథములను జిత్రములుగాఁ దీసి భద్రపఱచుట యిప్పుడు దేశమంతట జరుగుచున్నది. పందొమ్మిదవ శతాబ్దపు టుత్తరార్ధమునుండి వాడుకకు వచ్చిన కొయ్యగుజ్జు కాగితము, పటికతోఁ జేసిన పూఁతవలనఁ బులిసి, ముట్టినంతనే పెళుసుగా విఱుగును. అట్టివానికిఁ జిత్రమే శరణము కావచ్చును. కాని చిత్రమునఁ బుటలోని యక్షరములు పడును. పుస్తకపుఁ బరిమాణము, కాగితపు గీతలు, కుట్టు, బరువు పడవు. చిత్రము తీయువాఁడు వట్టిపుట లని వెనుకయట్టను, ప్రకటనపత్రములను, ఖాళీపత్రములను విడిచినచో వెలయు, ముద్రాక్షరశాల చిరునామయు, పూర్వపు యజమాని వ్రాఁతయుఁ బోవును. కొలఁబద్ద నుంచక చిత్రము తీసినచో నరచేతియంత శతకమును, నిలువుటద్దమంత భారతసంపుటమును నొకే పరిమాణముగాఁ దోఁచును. పుస్తకరూపమే యర్థమును మార్చునని డి. ఎఫ్. మెకెంజీ 1985లో బ్రిటిషు గ్రంథాలయమున నిచ్చిన యుపన్యాసములలో వాదించెను. తాళపత్రమునఁ బద్యములు పాదవిరామము లేక యేకధారగా సాగును. అచ్చున విడివిడి పంక్తులగును. ఒకే పద్యము రెండు రూపములందు రెండువిధములుగాఁ జదువఁబడుటకు నిదియే సాక్ష్యము.

చిత్రము తీసిన పిదప మూలగ్రంథ మక్కఱలేదని పాఱవేయఁబడినచో నీ సాక్ష్యము మఱల దొరకదు. ఇదియే యీ విద్యయొక్క యవసరము. గ్రంథమును వర్ణించి, పత్రములు లెక్కించి, లోపములను వ్రాసి, ఆ పిదపఁ జిత్రము తీయు క్రమమును దెలిసిన యొక్కఁడు ప్రతి గ్రంథాలయమున నున్నచో నెన్నియో గ్రంథములు తమ చరిత్రతోఁగూడ నిలుచును.

పరిమితులును గర్తవ్యమును

ఈ పాఠశాలలయందు లోపములును లేకపోలేదు. ఐదు దినములలో నే విద్యయుఁ బూర్తికాదు. మార్గము మాత్రము తెలియును. రుసుములు, ప్రయాణవ్యయములు నధికములు. కొందఱికి వేతనసాహాయ్యము లభించినను, గ్రామపాఠశాలయందలి పండితునకు వర్జీనియా యాత్ర దుర్లభమే. అచటి ప్రధానపాఠ్యములు రోమనులిపి గ్రంథములకై యేర్పడినవి. తాళపత్రమునకును, గుణింతములు వత్తులు గల తెలుఁగుటచ్చునకును వానిని యథాతథముగా నన్వయింప వీలుపడదు.

కాని వారి పద్ధతి గ్రహింపఁదగినది. పండ్రెండుగురు విద్యార్థులు, ఐదు దినములు, ఒక పెద్దబల్ల, కొన్ని శిథిలగ్రంథములు: ఇవి యే జిల్లాగ్రంథాలయమునకైనను నసాధ్యములు గావు. మొదటిదినమునఁ దాళపత్రపు టాకులను లెక్కించి, కొలిచి, పట్టిక వ్రాయుట. రెండవదినమునఁ బాతయచ్చు గ్రంథముల ఫారములను, ముఖపత్రములను బరీక్షించుట. మూఁడవదినమున నొకే కూర్పుయొక్క రెండు ప్రతులను బోల్చుట. నాలుగవదినమునఁ గొలఁబద్ద నుంచి చిత్రము తీయుట. ఐదవదినమున నొక్క పుటను యంత్రమునం దరసున్నలతోను, శకటరేఫములతోను దప్పులేకుండ వ్రాసి దిద్దుట. ఇంతమాత్రము నేర్చినవాఁడు తన పాఠశాల బీరువాయందలి పుస్తకములనే క్రొత్తచూపుతోఁ జూడఁగలఁడు. కొలఁబద్దయుఁ గిటికీవెలుతురును నుండినఁ బని యారంభింపవచ్చును.

పాఠశాలాపండితులకు సంవత్సరమున దీర్ఘమైన తీఱిక వేసవియం దొక్కటే దొరకును. అదియే వేసవి పెళుసుకాగితమునకు శత్రువు. ఆ తీఱికలోఁ గొన్ని దినము లీ పరీక్షకు వినియోగింపఁబడినచో, తరువాతి తరమువారికిఁ దెలుఁగుగ్రంథముల యక్షరములే కాక వాని చరిత్రయు దక్కును.